ఈ సంక్రాంతికి మన చరఖాలో ఏ దారం? – పతంగుల క్లబ్ కబుర్లు

 

డిసెంబర్ వచ్చేసింది. పొద్దున డాబా ఎక్కితే చలి, మధ్యాహ్నానికి సన్నగా గాలి. చేతులు ఊరుకోవడం లేదు కదా? నాకూ అంతే. ఆఫీసు నుంచి రాగానే నేరుగా మెట్లెక్కుతుంటే, "ముందు చాయ్ తాగు, పతంగి ఎక్కడికీ పారిపోదు" అని మా అమ్మ రోజూ కింద నుంచి అరుస్తోంది.

ఈరోజు మూడు సంగతులు. ఒకటి, పోయిన నెల మీటింగ్‌లో క్లబ్ తీసుకున్న నిర్ణయం. దాని మీద గ్రూప్‌లో చాలా గొడవ నడిచింది కాబట్టి ముందు అదే మాట్లాడుకుందాం. రెండు, సంక్రాంతి దాకా మన ప్రోగ్రాములు. మూడు, జాగ్రత్తలు. కొత్తవాళ్ళు మధ్యలో వెళ్ళిపోకండి, సాదా దారంతో పేంచ్ ఎలా గెలవాలో కూడా చెప్తాను.

సరే, నిర్ణయం ఏంటంటే, ఈ సీజన్ నుంచి క్లబ్ తరఫున ఎగిరే ఏ పతంగికైనా సాదా నూలు దారమే కట్టాలి. చైనా మాంజా వద్దు, గాజుపొడి పట్టించిన నూలు మాంజా కూడా వద్దు. బజార్లో "సద్ది" అంటారు చూడండి, అదొక్కటే. పెరుగు పోసుకుని ఉల్లిపాయ నంజుకుని తినే సద్ది కాదు తమ్ముడూ, దారం సద్ది! మీటింగ్‌లో ఒకరు నిజంగానే అడిగారు, అందుకే చెప్తున్నా.

మీటింగ్‌కి వచ్చింది 31 మంది. 19 మంది ఔనన్నారు, 9 మంది వద్దన్నారు, ముగ్గురు చెయ్యి ఎత్తలేదు. అంటే అందరూ ఒప్పుకున్న నిర్ణయం కాదు ఇది. వద్దన్నవాళ్ళ మాట కూడా మీరు వినాలి, అందుకే ఏదీ దాచకుండా చెప్తాను.

చైనా మాంజా గురించి ఎవరికీ పేచీ లేదు. పేరుకి చైనా అంటాం గానీ మన దేశంలో తయారయ్యే సరుకుని కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. అది నైలాన్ లాంటి సింథటిక్ దారం, దాని మీద గాజు పొడో, లోహం పొడో పట్టిస్తారు. మన తెలంగాణ ప్రభుత్వం దాన్ని 2016 జనవరిలోనే నిషేధించింది. 2017 జులై 11న జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశం మొత్తానికి నిషేధం పెట్టింది. అయినా ప్రతి జనవరిలో పేపర్ తెరిస్తే ఎవరో ఒకరి మెడ తెగిన వార్త ఉంటుంది. మన క్లబ్‌లో కూడా అది వద్దని మొదటి నుంచీ రూల్ ఉంది. రాసుకున్నాం, అందరం సంతకాలు కూడా పెట్టాం.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ సంతకాల సంగతే.

పోయిన సంక్రాంతికి నా చరఖాలో ఉన్నది చైనా మాంజా. అవును, నేనే. క్లబ్‌లో రూల్ రాసినవాళ్ళలో ఒకణ్ణి. భోగి రోజు పక్క కాలనీ కుర్రాళ్ళు వరసగా నావి ఆరు పతంగులు కోసేశారు. ఒక్కోటి తెగినప్పుడల్లా అవతలి డాబా మీద నుంచి "అఫా!" అని ఒకటే అరుపులు, ఈలలు. నాకు రోషం వచ్చింది. సాయంత్రం వెళ్ళి, అడిగితే గానీ బయటికి తీయని చోట రెండు చుట్టలు కొన్నాను. ఒకటి చిలకపచ్చ, ఒకటి నారింజ. రెండూ కలిపి ముడేసి చరఖాకి ఎక్కించాను. పండగ రోజు పదకొండు కోశాను. ఆ రోజంతా నా అంత మొనగాడు లేడనుకున్నాను. చివరికి చీకటి పడుతుండగా నాదీ ఒకటి తెగింది. బోలెడంత దారం గాలికి పోయింది. పోతే పోయిందిలే అనుకుని కిందికి దిగి అన్నం తిన్నాను.

మార్చిలో ఒక ఆదివారం, మా వీధి చివర వేపచెట్టు కింద పిల్లలు గుమిగూడి ఉన్నారు. వెళ్ళి చూస్తే పైన ఒక గద్ద తలకిందులుగా వేలాడుతోంది. ఒక రెక్కకి దారం చుట్టుకుంది. అప్పుడప్పుడూ రెండో రెక్క కొట్టుకుంటోంది. పక్షుల్ని కాపాడే వాలంటీర్లకి ఫోన్ చేశాం, వాళ్ళు పొడుగు కర్ర, నిచ్చెన తెచ్చి గంటన్నర కష్టపడి దించారు. అట్టపెట్టెలో పెట్టే ముందు రెక్కలోంచి దారం కోసి నా చేతిలో పెట్టారు, పారేయమని. సగం చిలకపచ్చ, సగం నారింజ. మధ్యలో మూడు ముళ్ళు. దారం అతికేటప్పుడు మూడు ముళ్ళు వేయడం మా తాత నాకు నేర్పిన అలవాటు.

వాళ్ళతో ఏమీ అనలేదు. దారం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. వారం తర్వాత ఫోన్ చేస్తే, గద్ద బతికింది గానీ ఎముక దాకా కోసుకుపోయింది, ఇక ఎగరలేదు అన్నారు. ఆలోచించండి, జనవరిలో పోయిన దారం మార్చిలో ఆ పక్షిని పట్టుకుంది. నూలు దారం అయితే ఎండకీ మంచుకీ వానకీ నానిపోయి, పీలికలై ఎప్పుడో ఒకప్పుడు తెగిపోతుంది. నైలాన్ అలా కాదు. మన పండగ అయిపోయినా దాని పని అయిపోదు.

ఇంకో మాట. ఇంగ్లీషులో పతంగిని కైట్ అంటారు కదా, అది ముందు ఆ గద్ద పేరే. రెక్కలు ఆడించకుండా గాలిలో అలా తేలుతూ ఉంటుందని, దాన్ని చూసి పతంగికి ఆ పేరు పెట్టుకున్నారు. ఈ సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. తెలిశాక ఇంకా సిగ్గేసింది.

ఇదంతా నేను మీటింగ్ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు దారం ముక్క బల్ల మీద పెట్టి చెప్పాను. చెప్పిన తర్వాతే ఓటు జరిగింది.

వద్దన్నవాళ్ళు ఏమన్నారో కూడా చెప్పాలి. మొదటి మాట: "అన్నా, గాజు లేకపోతే ఇక పేంచ్ ఎక్కడిది? పొయ్యి మీద కుండ పెట్టి మంట పెట్టొద్దన్నట్టు ఉంది." రెండో మాట: "నూలుకి గంజీ గాజుపొడీ పట్టించి మాంజా చేసే కుటుంబాలున్నాయి. చైనా సరుకు వచ్చి వాళ్ళని సగం ముంచింది, ఇప్పుడు మనం మిగతా సగం ముంచుతున్నామా?" ఇది నిజంగా ఆలోచించాల్సిన మాట. ఆ పని చేసేవాళ్ళ చేతివేళ్ళు చూసినవాళ్ళకి తెలుసు, కోతలు పడని వేలు ఉండదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. క్లబ్ చేయగలిగింది ఒకటే చేసింది. ఈసారి పతంగులు, సాదా దారం అన్నీ ఆన్‌లైన్‌లో కాకుండా ధూల్‌పేట, గుల్జార్ హౌజ్ వైపు చేతిపని వాళ్ళ దగ్గరే కొనాలని, బేరమాడకుండా కొనాలని తీర్మానం చేశాం.

మూడో మాట నా చిన్నప్పటి దోస్త్‌ది. ఐదో తరగతి నుంచి నాకు చరఖా పట్టినవాడు. "పాపం నువ్వు చేశావు, శిక్ష మా అందరికీనా?" అన్నాడు. ఆ రాత్రే గ్రూప్‌లోంచి వెళ్ళిపోయాడు. వాడన్నదాంట్లో నిజం లేదని నేను అనలేను. కాకపోతే నా ఒక్కడి సంగతే అయితే నేను మానేస్తే సరిపోయేది. ఆ రోజు నా తర్వాత ఇంకో నలుగురు చెయ్యెత్తి "మేము కూడా వాడాం అన్నా" అన్నారు. అందుకే రూల్ మార్చాల్సి వచ్చింది. గాజు ఉన్న దారం రెండు చరఖాల్లో ఉంటే, ఏది నూలో ఏది నైలానో మైదానంలో ఎవడు చూస్తాడు? సాదా దారం అయితే చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. సాదా దారంతో పేంచ్ అవుతుందా? అవుతుంది. దారాన్ని దారం కోసేది గాజు ఒక్కటే కాదు, రాపిడి కూడా. రెండు దారాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయనుకోండి. ఒకటి కదలకుండా ఉంది, ఇంకోటి జర్రున జారుతోంది. జారే దారానికి రాపిడి పొడుగంతా పంచుకుపోతుంది. కదలని దారానికి మాత్రం ఒకే చోట పడుతుంది. అక్కడే వేడెక్కి, పీచు లేచి, తెగుతుంది. అందుకే రూల్ ఒకటే, మీ దారం ఆగకూడదు. ఢీల్ ఇస్తే ఇస్తూనే ఉండాలి, ఖీంచ్ అయితే లాగుతూనే ఉండాలి. మధ్యలో ఆలోచిస్తూ ఆగారా, పోయినట్టే.

ఢీల్ ఇచ్చేవాళ్ళకి చరఖా పట్టే మనిషి ముఖ్యం. చరఖా ఎక్కడా తట్టుకోకుండా తిరగాలి. ఖీంచ్ చేసేవాళ్ళకి పైచెయ్యి ముఖ్యం, అవతలి దారం మీదికి మీ దారం వచ్చాక గట్టిగా, పొడుగ్గా లాగండి. పేంచ్ కాస్త ఎక్కువసేపు నడుస్తుంది, నిజమే. కానీ నన్నడిగితే మజా అక్కడే ఉంది. మొన్న ఆదివారం ప్రాక్టీసులో మౌలాలి నుంచి వచ్చే చెల్లి, పోయిన ఏడాదే పతంగి పట్టడం నేర్చుకుంది, సాదా దారంతో మా సీనియర్‌ని ఇద్దర్ని కోసేసింది. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే. రెండోవాడి పేరు చెప్పొద్దని బతిమాలాడు.

కన్నాల విషయం కూడా చూసుకోండి. పతంగికి దారం కట్టే చోట పైముడి నుంచి ఒకటి, కింది నుంచి ఒకటి, రెండు దారాలు కలుస్తాయి కదా. గాలి తక్కువగా ఉన్న రోజు పైదారం కొంచెం పొడుగు, గాలి జోరుగా ఉన్న రోజు కొంచెం పొట్టి. గాలి ఎంతుందో ఫోన్‌లో చూడక్కర్లేదు, చెట్టు చూడండి. ఆకులు గలగలమంటే గంటకి 6 నుంచి 11 కిలోమీటర్లు. ఆకులూ చిన్న రెమ్మలూ ఆగకుండా ఊగుతుంటే 12 నుంచి 19. మనకి ఈ రెండూ మంచివే. చిన్న చెట్లు మొత్తం ఊగుతున్నాయంటే ఆ రోజు పతంగి పక్కన పెట్టి పల్లీలు తినండి.

దారం అనగానే నాకు ఇష్టమైన కథ ఒకటి చెప్తాను. అమెరికా, కెనడా మధ్య నయాగరా లోయ ఉంది. 1848లో అక్కడ వేలాడే వంతెన కట్టాలి. కింద నది ఉరకలేస్తోంది, పడవలో తాడు తీసుకెళ్ళే వీలు లేదు. ఇంజినీరు ఏం చేశాడంటే, ఇటు నుంచి అటు పతంగి ఎగరేసిన కుర్రాడికి బహుమతి అని ప్రకటించాడు. హోమన్ వాల్ష్ అనే పదిహేను, పదహారేళ్ళ కుర్రాడు గెలిచాడు. పతంగి దారం అవతలి ఒడ్డుకి చేరింది. ఆ సన్నదారానికి లావుదారం కట్టి లాగారు, దానికి తాడు కట్టి లాగారు, దానికి ఇంకా లావు తాడు. అలా చివరికి వంతెన తీగలు వెళ్ళాయి. 1855 నాటికి అదే చోట రైలు పోయే వంతెన వచ్చింది. మొదలు మాత్రం ఒక పిల్లాడి చరఖా. పతంగి దారం కోయడానికే పుట్టిందనుకునేవాళ్ళకి నేను ఈ కథ చెప్తుంటాను.

సరే, ఇక ప్రోగ్రాములు. రాసుకోండి, లేదా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

వచ్చే ఆదివారం పొద్దున ధూల్‌పేటలో పతంగులు కట్టే ఒక తాతగారి ఇంటికి వెళ్తున్నాం. వెదురు చీల్చడం, నిలువు పుల్ల ఎంత గట్టిగా ఉండాలి, వంపు పుల్ల ఎంత సన్నగా చెక్కాలి, పల్చటి కాగితం ముడత పడకుండా ఎలా అతకాలి, అన్నీ ఆయన చూపిస్తారు. ఇల్లు చిన్నది కాబట్టి పన్నెండు మందికి మించి వద్దు. చెప్పులు బయట విప్పండి, ఆయన పని ఆపించి సెల్ఫీలు అడగకండి. ఒక్కొక్కరూ కనీసం ఐదు పతంగులు కొనండి.

డిసెంబర్ చివరి ఆదివారం దారం మార్పిడి. మీ ఇంట్లో, అటక మీద, మంచం కింద చైనా మాంజా ఎంతున్నా తీసుకురండి. ఎక్కడ కొన్నారు, ఎందుకు కొన్నారు అని ఎవరూ అడగరు. బదులుగా ఒక సద్ది చుట్ట ఇస్తాం. దానికి డబ్బు చందాల్లోంచి తీశాం. వచ్చిన మాంజా అంతా ముక్కలు చేసి, మూట కట్టి అధికారులకి అప్పగిస్తాం. మొదటి చరఖా నాదే. ఇంకా అటక మీదే ఉంది, ఇన్నాళ్ళూ ముట్టుకోవడానికి మనసొప్పలేదు.

జనవరి మొదటి ఆదివారం సాదా దారంతో మన మొదటి పోటీ. ఎంట్రీ ఉచితం. పదిహేనేళ్ళ లోపువాళ్ళకి వేరే రౌండ్. చరఖా పట్టేవాళ్ళకి కూడా ఈసారి బహుమతి ఉంది. ఎప్పుడూ పతంగి ఎగరేసినవాడి పేరే చెప్తాం, వెనకాల వేళ్ళు నొప్పి పెట్టేలా చరఖా పట్టినవాడిని మర్చిపోతాం.

భోగి రోజు ఒక్కటే విన్నపం. పాత మాంజా, ప్లాస్టిక్ పతంగులు భోగిమంటలో వేయకండి. ఆ పొగ పిల్లల ముక్కులోకే పోతుంది. పిడకలు, కట్టెలు చాలు. పండగ రోజుల్లో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో అంతర్జాతీయ పతంగుల పండగ పెడితే అందరం ఒక సాయంత్రం కలిసి వెళ్దాం. ఇతర దేశాల వాళ్ళు తెచ్చే పతంగులు దగ్గర నుంచి చూడండి, వాటిల్లో చాలావాటికి పుల్లే ఉండదు, గాలి నింపుకుని లేస్తాయి. అహ్మదాబాద్‌లో ఇలాంటి పండగ 1989 నుంచి జరుగుతోంది. ఉద్యోగం కోసం అక్కడికి వెళ్ళిన మన పాత మెంబర్ ఈసారి అక్కడి నుంచి వీడియో పంపుతానన్నాడు.

ముక్కనుమ రోజు పొద్దున దారం ఏరే కార్యక్రమం. ఇది అన్నింటికంటే ముఖ్యం. గోనెసంచి, చేతులకి గ్లౌజులు, పొడుగు కర్ర. చెట్ల మీద, గోడల మీద, పార్కుల్లో దొరికినంత దారం ఏరుదాం. ఎవరిదని చూడొద్దు. కరెంటు తీగల మీద ఉన్నది మాత్రం ముట్టుకోవద్దు.

ఇక జాగ్రత్తలు, ఐదే చెప్తాను.

ఒకటి, తీగలు. పతంగి కరెంటు తీగకి చిక్కితే అది పోయినట్టే. కర్రతో, ఇనప రాడ్‌తో తీయబోవద్దు. మెట్రో పట్టాల పైన తీగలో 25,000 వోల్టులు ఉంటుంది, ఆ దరిదాపుల్లో ఎగరేయొద్దు.

రెండు, డాబా. పిట్టగోడ లేని డాబా మీద పిల్లల్ని ఎక్కించొద్దు. ఆకాశం చూస్తూ వెనక్కి నడవొద్దు.

మూడు, బండి. ఆ మూడు రోజులూ మెడకి మందపాటి మఫ్లర్ చుట్టుకోండి, హెల్మెట్ అద్దం దించండి, ఫ్లైఓవర్ మీద మెల్లగా వెళ్ళండి. చిన్నపిల్లల్ని ముందు నిలబెట్టుకోవద్దు. దారం మెడకి తగిలితే చేత్తో లాగకండి, బండి ఆపండి. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి 108కి ఫోన్ చేయండి.

నాలుగు, వేళ. పొద్దున్నే, సాయంత్రం చీకటి పడేముందు పక్షులు గూళ్ళ నుంచి పోయేవేళ, వచ్చేవేళ. ఆ రెండు వేళలూ వాటికి వదిలేద్దాం. మనకి మధ్యాహ్నం గాలి ఎలాగూ ఉంది.

ఐదు, పక్షి చిక్కితే దారం లాగకండి, లాగితే ఇంకా కోసుకుంటుంది. రెండు పక్కలా దారం కత్తిరించి, మెత్తటి గుడ్డ కప్పి, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకటిగా ఉంచండి. నోట్లో నీళ్ళు పోయకండి. అటవీ శాఖ వాళ్ళకో, పక్షుల వాలంటీర్లకో వెంటనే ఫోన్ చేయండి. గుజరాత్‌లో ఈ పండగ రోజుల్లో కరుణా అభియాన్ అని ప్రభుత్వమే పక్షుల చికిత్స శిబిరాలు నడుపుతుంది. మన దగ్గర కాలనీకి ఇద్దరు తెలిసినవాళ్ళున్నా చాలు, చాలా పక్షులు బతుకుతాయి.

అయిపోయింది ఫ్రెండ్స్. చివరగా ఒక్క మాట. నిన్న రాత్రి నా దోస్త్‌కి ఫోన్ చేశాను. పోటీ రోజు నాకు చరఖా పట్టేవాడు లేడురా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సాదా దారంతో నువ్వు గెలవవురా" అన్నాడు. గెలవనులే, వస్తావా అంటే, "చూస్తా" అని పెట్టేశాడు. చూడాలి. ఒకవేళ వాడు ఈ వీడియో చూస్తుంటే, అరేయ్, ఆదివారం తొమ్మిదింటికి, మైదానం గేటు దగ్గర.

మీ ఇంట్లో ఏ దారం ఉందో కామెంట్‌లో నిజం చెప్పండి, ఎవరూ తిట్టరు. మార్పిడికి వచ్చేవాళ్ళు గ్రూప్‌లో పేరు రాయండి. మళ్ళీ వచ్చే వారం ధూల్‌పేట నుంచి కలుద్దాం. ఉంటాను, నమస్తే.